ఘాటు తగలని మూల

బ్రాడీపేట నాలుగో లైన్లో కొట్టువాడు
రెండిటినీ ఒకే అట్టపెట్టెలో పెట్టిచ్చాడు.
"అన్నదమ్ములండీ, కలిసే ఉంటాయి" అన్నాడు.
మూడో రాత్రికి
బఠాణీ చెవి తెగింది,
బెల్లం నోట్లో దాని బొచ్చు.

"ఇవి ఒంటిగా బతికేవి నాన్నా,
రెండో పంజరం కావాలి."
కెజియా నిద్రకళ్లతో తీర్పు చెప్పేసింది.

కొట్లో పంజరం రెండువేలు.
నా దగ్గరున్నది పాత టమాటా ట్రే,
కూలరు నుంచి ఊడదీసిన జాలీ,
గుప్పెడు కట్టుతీగ.
ఆదివారం ప్రార్థన అయ్యాక కూర్చున్నాను.
తీగ మొనలు లోపలికి వంచబోతే
"బయటికి నాన్నా, బయటికి" అంది.
నిజమే,
గుచ్చుకుంటే మాకు గుచ్చుకోవాలి.

పరుపుకి వడ్రంగి దగ్గర పొట్టు తెచ్చాను.
వాసన చూసి, వార్నిష్ అని పక్కకి నెట్టింది.
యార్డు నుంచి పాత తూకం చీటీలు తెచ్చాను.
ఇద్దరం కూర్చుని చింపాం,
వినుకొండ రైతువి అరవై టిక్కీలు,
గురజాల ఆయనవి నూటపది,
తేమ, తరుగు, హమాలీ,
అన్నీ సన్నగా, సేమ్యాలాగా.
బెల్లం అందులో దూరి
ముక్కు మాత్రం బయట పెట్టింది.
ఇరవయ్యేళ్ల నా చేతిరాత
ఇంత మెత్తగా ఉంటుందని
నేనెప్పుడూ అనుకోలేదు.

మే నెల. గుంటూరు సంగతి చెప్పేదేముంది.
పగిలిన కూజా సగం బోర్లించి ఇల్లు చేశాను,
కింద స్నానాలగది టైలు ముక్క,
పొట్ట ఆనించుకుంటే చల్లగా.
చక్రం కిర్రుమంటే ఇరుసుకి కొబ్బరినూనె చుక్క.
"నా మిక్సీ సంగతి చెప్పి ఆర్నెల్లయింది"
అంది రూతు, గోడతో.

అంతా అయింది. ఎక్కడ పెట్టాలి?
ఒకదాని వాసన ఇంకొకదానికి తగలకూడదట.
మాకున్నవి రెండు గదులు.
బఠాణీ వంటగదిలో, గ్యాసుబండకి ఎదురుగా.
బెల్లం ముందుగదిలో,
తలుపు పక్క బల్ల మీద.

బెల్లం తుమ్మింది.
చీటీలేమోనని తీసేసి
కెజియా పాత నోటుబుక్కులు చింపాం.
మళ్లీ తుమ్మింది.
నేను ఇంటికొచ్చిన పావుగంటకి.
నేను లేనప్పుడు కాదు.

కెజియా నన్ను చూడలేదు,
తలుపు పక్క మేకుని చూసింది.
మేకుకి నా చొక్కా.
చొక్కాలో ఆ రోజు యార్డు మొత్తం,
తేజా, బాడిగ, తాలుకాయ.
మాకు తెలియదు.
మాకు అది గాలి.

ఆ మేకు కిందే
పన్నెండేళ్ల కిందట ఉయ్యాల ఉండేది.
మూడు నెలలు తుమ్మింది పిల్ల.
జలుబన్నాం.
మా అమ్మ వాము వేయించి మూటకట్టి వాసన చూపించింది,
పాస్టరుగారు తలమీద చెయ్యి పెట్టారు.
ఉయ్యాల ఒక్క గజం జరపాలని
ఎవరికీ తోచలేదు.

ఇది నేను పైకి అనలేదు.
కటింగ్ ప్లేయర్ తెచ్చి మేకు పీకాను.
దాంతోపాటు అరచెయ్యంత సున్నం ఊడింది.
బయట, పంపు పక్క దడి కర్రకి కొట్టాను.
ఇప్పుడు రాగానే చొక్కా అక్కడే,
నాలుగు చెంబులు అక్కడే,
తడి లుంగీతో లోపలికి.
ఎదురింటివాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

నిన్న శాంపిలు కాటా అడిగి తెచ్చి
బెల్లాన్ని గిన్నెలో పెట్టి తూచాం.
గిన్నె పోను నూటపది గ్రాములు.
రోజూ క్వింటాళ్లు పిలిచే గొంతుతో
"నూటాపదీ" అని అరిచాను.
"తరుగెంత నాన్నా?" అంది కెజియా.
తరుగు లేదన్నాను.
నమ్మనట్టు చూసింది.

తుమ్ములు తగ్గాయి, పూర్తిగా పోలేదు.
చుట్టుగుంట పక్క ఇల్లు కదా,
గాలి ఎటు తిరిగితే అటు.
రాత్రి రెండు చక్రాలూ తిరుగుతుంటే
నేను మేలుకునే ఉంటాను,
ఏ గదిలో
ఎవరు తుమ్ముతారోనని.